విండ్‌సర్ఫింగ్ వచ్చినవారు కైట్‌సర్ఫింగ్ నేర్చుకోవాలంటే: కావలి పాఠకుడికి సమాధానం

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, బరువు 78 కిలోలు. చెన్నైలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆరేడేళ్లు విండ్‌సర్ఫింగ్ (తెరచాప బిగించిన బోర్డు మీద నీళ్లపై పోవడం) చేశాను. హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ) తగిలించుకుని ప్లేనింగ్ (బోర్డు నీటి మీదికి లేచి జారడం) చేసేదాకా వచ్చింది, వాటర్‌స్టార్ట్ (నీళ్లలోంచే బోర్డు మీదికి లేవడం) కూడా వచ్చు. ఇప్పుడు కావలిలో స్థిరపడ్డాను, కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాంటి కైట్ లాగుతుంటే బోర్డు మీద పోవడం) నేర్చుకోవాలని ఉంది. ఒక మిత్రుడు తన 2004 నాటి 12 చదరపు మీటర్ల కైట్‌ను బారుతో (లైన్లు కట్టి ఉండే, చేత్తో పట్టుకునే కడ్డీ) సహా చవగ్గా ఇస్తానంటున్నాడు. పాత హార్నెస్ నా దగ్గరే ఉంది. గాలీ సముద్రమూ తెలిసినవాణ్నే కదా, వీడియోలు చూసుకుని తుమ్మలపెంట దగ్గరో మైపాడు దగ్గరో సొంతంగా మొదలుపెట్టవచ్చా? ఏ నెలలు మంచివి?

సమాధానం: ముందు ఆ కైట్ సంగతి తేల్చేద్దాం. ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. 2004 నాటివి ఎక్కువగా ఇంగ్లిష్ ‘C’ అక్షరం ఆకారపు కైట్లు. చేయి చాచినంత దూరం బారును నెట్టేసినా వాటి లాగుడు చాలావరకు అట్లాగే ఉంటుంది. బారు వదిలితే కైట్ నీరసించిపోయే ఏర్పాటు 2005 ప్రాంతంలో బో (విల్లు) కైట్లతో వచ్చింది. నీళ్లలో పడినా మళ్లీ లేచేలా అంచులో గాలి నింపే కైట్‌కు ఫ్రాన్స్‌కు చెందిన లెగెన్యూ సోదరులు 1984లోనే పేటెంటు వేశారు. బో కైట్ కూడా వాళ్ల పనే. ఆ ఇరవై ఏళ్లలో ఎంతమంది ఎముకలు విరగ్గొట్టుకున్నాక ఈ మార్పు వచ్చిందో తెలిసినవారెవరూ పాత కైట్‌తో నేర్చుకోమని చెప్పరు. పైగా ఇన్నేళ్లు మూలన పడి ఉన్న కైట్‌లో లోపలి గొట్టాల జిగురు వదిలి ఉంటుంది, లైన్లు పొడిబారి ఉంటాయి, క్విక్ రిలీజ్ (ఆపదలో కైట్ లాగుడును విడిపించే మీట) స్ప్రింగు తుప్పు పట్టి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనడం తప్పేమీ కాదు. గత ఏడెనిమిదేళ్లలో తయారైనది చూడండి. బారు మాత్రం వీలైతే కొత్తది తీసుకోండి. క్విక్ రిలీజ్‌లకు 2020లో ఐఎస్ఓ 21853 అనే ప్రమాణం వచ్చింది, అది పాటించిన బారు అయితే మేలు. కైట్‌కు గాలి నింపి నీడలో రెండు మూడు గంటలు వదిలేసి చూడండి, మెత్తబడితే ఎక్కడో కారుతున్నట్టే. తర్వాత నాలుగు లైన్లనూ ఒకే మేకుకు తగిలించి, బారును పూర్తిగా దగ్గరికి లాక్కుని సాగదీయండి. నాలుగూ ఒకే బిగువులో ఉండాలి. వాడకంలో బరువంతా మోసేవి ముందు లైన్లు కాబట్టి అవి సాగుతాయి, వాటితో పోలిస్తే వెనక లైన్లు పొట్టివైపోతాయి. అట్లాంటి బారుతో కైట్ పైకి వెళ్లి, ఆగి, వెనక్కి జారి పడిపోతుంటుంది. నేర్చుకునేవారు అది తమ చేతి తప్పే అనుకుని నెలల తరబడి తంటాలు పడతారు.

మీ పాత హార్నెస్ కూడా పనికిరాదు. విండ్‌సర్ఫింగ్ హార్నెస్‌లో కొక్కెం ఉంటుంది, సేఫ్టీ లీష్ (కైట్‌ను మనిషికి కట్టి ఉంచే తాడు) తగిలించే రింగు ఉండదు. విండ్‌సర్ఫింగ్‌లో లాగుడు ఎదురుగా, కాస్త కిందుగా వస్తుంది. కైట్ మాత్రం పైకి లాగుతుంది. అందుకు తయారు చేయని నడుము హార్నెస్ చంకల దాకా ఎగబాకి పక్కటెముకల్ని నొక్కేస్తుంది. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్, లైక్రా, బూట్లు మాత్రం నిక్షేపంగా వాడుకోండి.

ఇక అసలు విషయం. విండ్‌సర్ఫింగ్ వచ్చినవారికి సగం పని అయిపోయినట్టే, ఆ మాట నిజం. గాలి ఎటు నుంచి వస్తోందో మెడ మీద చర్మానికే తెలుస్తుంది. ఎదురుగాలికి ఏ కోణంలో పోవచ్చో, గాలివాలుకు (గాలి పోయే వైపుకు) పోతే తిరిగి రావడం ఎంత కష్టమో ఎవరూ చెప్పక్కర్లేదు. బోర్డు ప్లేనింగ్‌లోకి ఎక్కేటప్పటి ఆ తేలిక కాళ్లకు గుర్తుంటుంది. స్టార్‌బోర్డ్ టాక్ మీద, అంటే గాలి కుడివైపు నుంచి తగులుతుండగా, వచ్చేవారికి దారి ఇవ్వాలన్న నియమం ఇక్కడా అదే. ఎదురుపడినప్పుడు గాలి పైవైపు (గాలి వచ్చే వైపు) ఉన్నవారు కైట్‌ను ఎత్తాలి, కిందివైపు ఉన్నవారు దించాలి, ఇది ఒక్కటే అదనం.

మిగతా సగంలోనే చిక్కు. అది తెలియనితనంతో రాదు, చేతులకు బాగా అలవాటైన పనులతో వస్తుంది. విండ్‌సర్ఫింగ్‌లో భయం వేస్తే బూమ్ (తెరచాపను పట్టుకునే కడ్డీ) వదిలేస్తారు, తెరచాప నీళ్లలో పడుతుంది, అంతటితో సరి. కైట్ అట్లా పడదు. 20 నుంచి 24 మీటర్ల దూరంలో, గాలిలో, మీ నడుముకు కట్టి ఉంటుంది. ఉధృతమైన గాలి తెర వస్తే విండ్‌సర్ఫర్ వెనక్కి వాలి, చేతులతో లాగిపట్టి తట్టుకుంటాడు. అదే పని బారుతో చేస్తే కైట్‌కు లాగుడు ఇంకా పెరుగుతుంది, మనిషి లేచిపోతాడు. కాబట్టి అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది చేయి వదలడం. బరువంతా హార్నెస్ మోయాలి, బారు మీద రెండు వేళ్లు ఆనించినట్టు ఉంటే చాలు. పది నిమిషాలకే ముంజేతులు పీకుతున్నాయంటే మీరు ఇంకా బూమ్ పట్టుకున్నట్టే పట్టుకుంటున్నారు.

ప్రమాదంలో మూడు మెట్లున్నాయి. మొదటిది, బారు వదలండి. అప్పటికీ కైట్ లాగుతుంటే రెండోది, క్విక్ రిలీజ్‌ను ముందుకు నెట్టండి. కైట్ ఒకే లైను మీద జెండాలా వాలిపోతుంది. అప్పుడు కూడా లాగుతుంటే, లేదా లైన్లు ఇంకొకరి లైన్లతో చిక్కుకుంటే, మూడోది లీష్‌ను కూడా తెంచుకోవడం, కైట్ పోతే పోనీ. ఈ రెండు రిలీజ్‌లనూ ఇంట్లోనే అలవాటు చేసుకోండి. బారును కిటికీ ఊచకో చెట్టుకో కట్టి, హార్నెస్ తగిలించుకుని, ఒంటి బరువంతా వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, కుడిచేత్తో ఇరవైసార్లు, ఎడమచేత్తో ఇరవైసార్లు. బరువు పడినప్పుడు అది తెరుచుకునే తీరు వేరు, ఖాళీగా ఉన్నప్పుడు వేరు. ఆ తేడా చేతికి తెలియాలి.

సైజుల లెక్క కూడా మార్చుకోవాలి. ఏడున్నర మీటర్ల తెరచాప వాడిన అలవాటుతో 12 మీటర్ల కైట్ పెద్దదా చిన్నదా అని పోల్చవద్దు. తెరచాప మీతోపాటే కదులుతుంది. కైట్ తనంతట తాను గాలిలో దూసుకుపోయి తన గాలిని తానే పెంచుకుంటుంది. మీ బరువుకు, నేర్చుకునే దశలో, 12 నుంచి 17 నాట్ల గాలికి 12 మీటర్లది, 17 నుంచి 22 నాట్లకు 9 మీటర్లది సుమారుగా సరిపోతాయి. 12 నాట్లంటే గంటకు 22 కిలోమీటర్లు, సముద్రం మీద అక్కడక్కడా తెల్ల నురగ తలలు కనిపించడం మొదలవుతుంది. గాలి వేగం ఒకటిన్నర రెట్లయితే బలం రెండుంపావు రెట్లవుతుంది. 12 నాట్లలో హాయిగా ఉన్న కైట్ 18 నాట్లలో మిమ్మల్ని ఈడ్చుకుపోవడానికి కారణం ఇదే. బోర్డు 138 నుంచి 142 సెంటీమీటర్ల పొడవు, 41 నుంచి 43 వెడల్పు ఉన్న ట్విన్ టిప్ (రెండు కొసలూ ఒకేలా ఉండే బోర్డు) తీసుకోండి. బోర్డుకు లీష్ కట్టవద్దు. బోర్డు నీళ్లలో ఆగిపోయి కైట్ మిమ్మల్ని ముందుకు లాగితే, ఆ లీష్ రబ్బరులా సాగి బోర్డును నేరుగా తలకు తెచ్చి కొడుతుంది.

సొంతంగా నేర్చుకోవడం గురించి: వద్దు. రామేశ్వరం వెళ్లండి. పాక్ అఖాతం వైపు నీళ్లు లోతు తక్కువగా, అలలు లేకుండా ఉంటాయి. వేసవి మధ్య నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య గాలి నిలకడగా వీస్తాయి. అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ ఐకేఓ గుర్తింపు ఉన్న శిక్షకులు అక్కడ దొరుకుతారు. ఒక శిక్షకుడికి ఇద్దరి కంటే ఎక్కువమందిని కలిపితే ఒప్పుకోవద్దు. మామూలుగా 9 నుంచి 12 గంటల శిక్షణ పడుతుంది. విండ్‌సర్ఫింగ్ వచ్చినవారు బోర్డు దశలో గంటా రెండు గంటలు ఆదా చేసుకుంటారు, కానీ కైట్ దశలో ఏమీ ఆదా చేసుకోలేరు, చేసుకోకూడదు కూడా. "నాకు గాలి తెలుసు, బోర్డు ఇచ్చేయండి" అని తొందరపెట్టేది ఎక్కువగా మీ బాపతువారే.

వెళ్లేముందు రెండు మూడు నెలలు 2 లేదా 3 మీటర్ల ట్రైనర్ కైట్‌తో ఖాళీ మైదానంలో సాధన చేయండి. గాలికి వీపు పెట్టి నిలబడితే నడినెత్తిన 12 గంటలు, ఎడమ అంచు 9, కుడి అంచు 3 అనుకోండి. అంచుల్లోనూ నెత్తి మీదా కైట్ నెమ్మదిగా ఉంటుంది. మీ ఎదుట, గాలివాలుకు నేరుగా ఉన్న నడిమి భాగమే లాగే చోటు. కైట్‌ను 11 దగ్గర, 1 దగ్గర నిమిషంసేపు కదలకుండా నిలపడం, తర్వాత ఒంటిచేత్తో, తర్వాత కైట్ వైపు చూడకుండా. ఈ చివరిది వచ్చేదాకా బోర్డు ఊసెత్తవద్దు. తెరచాప మీ చేతిలో ఉండేది కాబట్టి చూడాల్సిన అవసరం రాలేదు. కైట్‌ను మాత్రం మొదట్లో అందరూ తలెత్తి చూస్తూ బోర్డును మరిచిపోతారు.

నీళ్లలోకి దిగాక మొదటి పాఠం బాడీ డ్రాగ్: బోర్డు లేకుండా, కైట్‌ను ఒక అంచున 45 డిగ్రీల ఎత్తులో నిలిపి, ఆ వైపు చేతినే నీళ్లలోకి చాచి, ఒళ్లునే చుక్కానిలా చేసుకుని గాలికి ఎదురు వైపు ఎగబాకడం. విండ్‌సర్ఫర్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది. వాళ్ల బోర్డు ఎప్పుడూ మాస్టుకు తగిలే ఉంటుంది మరి. ఇక్కడ పడగానే బోర్డు ఒక దిక్కు, మీరు గాలివాలుకు ఇంకో దిక్కు. బాడీ డ్రాగ్ రాకపోతే పడిన ప్రతిసారీ బోర్డు పోగొట్టుకున్నట్టే.

వాటర్‌స్టార్ట్‌లో మీ పాత అనుభవం బాగా అక్కరకొస్తుంది, ఒక్క చోట తప్ప. మోకాళ్లు గుండెల దగ్గరికి ముడిచి, బోర్డు గాలికి అడ్డంగా పెట్టి, కైట్‌ను 12 దగ్గర ఉంచండి. కుడివైపు పోవాలంటే ముందు 11 దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి ఒకే ఊపులో 2 దాకా దించండి. లేచేటప్పుడు బోర్డు ముక్కు కాస్త గాలివాలుకు తిప్పాలి. లేవగానే కైట్‌ను వెంటనే పైకి మళ్లించి మళ్లీ దించాలి, లేకపోతే ఊపు చచ్చి కూర్చుండిపోతారు. తప్పు జరిగేది ఇక్కడే: తెరచాప ఎత్తగానే నిటారుగా నిలబడి ముందుకాలి మీద బరువు వేయడం మీకు అలవాటు. ట్విన్ టిప్ మీద అట్లా నిలబడితే బోర్డు మీదుగా ముఖం మీద పడతారు. వెనకకాలి మీద బరువుంచి, మడమల అంచుతో నీటిని కోయాలి. మీ పాత బోర్డు కింద 30, 40 సెంటీమీటర్ల ఫిన్ (నీటిలోకి దిగే రెక్క) ఉండేది, ఎదురుగాలికి అదే మోసుకుపోయేది. ఇక్కడి ఫిన్లు నాలుగైదు సెంటీమీటర్లే. ఎదురుగాలికి తీసుకెళ్లేది బోర్డు అంచు. చూపు కూడా పోవాల్సిన వైపు, గాలి పైవైపు ఉండాలి. కైట్ వంకో బోర్డు ముక్కు వంకో చూస్తే భుజాలు తిరిగి బోర్డు బల్లపరుపు అయిపోతుంది.

మన తీరం విషయానికి వద్దాం. కొత్తపట్నం నుంచి పాకల, రామాయపట్నం, తుమ్మలపెంట, మైపాడు, కోడూరు దాకా ఒడ్డు దాదాపుగా తూర్పు ముఖమే. కాబట్టి లెక్క సులువు. ఫిబ్రవరి నుంచి మే దాకా మధ్యాహ్నం ఒంటిగంట, రెండు తర్వాత దక్షిణం, ఆగ్నేయం నుంచి వచ్చే సముద్రపు గాలి మీకు కావాల్సింది. ఒడ్డుకు ఏటవాలుగా వస్తుంది కాబట్టి ఏం జరిగినా ఇసుక మీదికే చేరుస్తుంది. ఆ నెలల్లో తీరం వెంబడి నీటి ప్రవాహం కూడా ఉత్తరంవైపే, అందువల్ల మీరు అనుకున్నదానికంటే ఉత్తరంగా కొట్టుకుపోతారు. దిగిన చోటికి తిరిగి నడవడానికి చెప్పులు నడుముకు కట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజులూ నీళ్లు ఖాళీగా ఉంటాయి, కానీ బోట్లన్నీ ఒడ్డు మీదే ఉంటాయి, చోటు చూసుకోవాలి.

జూన్, జూలైల్లో పడమటి గాలి. నెల్లూరు ఎండలో కాగి వచ్చే ఆ గాలి 15, 20 నాట్లు కూడా వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు అలల్లేకుండా నున్నగా కనిపించి మనసు లాగుతుంది. దిగవద్దు. అది నేల మీంచి సముద్రంలోకి పోయే గాలి. సరుగుడు తోటల మీదుగా వస్తుంది కాబట్టి ఒక్క క్షణం ఉండి మరుక్షణం ఉండదు. విండ్‌సర్ఫింగ్‌లో తెరచాప విప్పేసి బోర్డు మీద పడుకుని చేతులతో తెడ్డేసుకుని రావచ్చు. కైట్ చెడితే మీకు మిగిలేది ఆ కైట్ గుడ్డే, అది గాలి పోయే వైపే పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి దిక్కు మంచిదే గానీ, వాయుగుండాలు, ఒడ్డున బలంగా విరిగిపడే అలలు ఉంటాయి. మొదటి ఏడాది ఆ మూడు నెలలూ వదిలేయండి. జనవరి ఫరవాలేదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో పడమట నల్లమబ్బు లేస్తే, గాలి ఒక్కసారిగా పడిపోతే, అప్పటికప్పుడు కైట్ దించేయండి. తర్వాత వచ్చే గాలి పడమర నుంచి, రెట్టింపు బలంతో వస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు సముద్రం కంటే వెనకవైపు ఎక్కువగా చూడండి. మన దగ్గర ఇసుక దిబ్బ దాటగానే రొయ్యల గుంటలు, వాటి ఏరేటర్లకు పోయే కరెంటు తీగలు. సముద్రపు గాలిలో చేయి జారిన కైట్ నేరుగా వాటి మీదికే పోతుంది, ఉప్పునీళ్లతో తడిసిన లైన్లతో సహా. గాలివాలుకు కనీసం రెండు వందల మీటర్లు తీగలు, చెట్లు, బోట్లు లేని చోటు కావాలి. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లలో జనం దిగే చోట అసలు వద్దు, ఆదివారాలు, కార్తీకమాసం మరీ వద్దు. కిలోమీటరో రెండు కిలోమీటర్లో పక్కకు జరిగి, ఆ పాలెం పెద్దలతో మాట్లాడి, మెరైన్ పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి దిగండి. అలివి వల లాగుతున్న చోట నుంచి పూర్తిగా తప్పుకోండి. పులికాట్ మీద ఆశ పెట్టుకోవద్దు, అది పక్షుల అభయారణ్యం, పక్కనే శ్రీహరికోట.

కైట్ లేపడానికి ఇంకో మనిషి కావాలి. పాలెంలో కుర్రాళ్లు సంతోషంగా వస్తారు, కానీ ముందు కూర్చోబెట్టి నేర్పండి. కైట్ ముందు అంచును నడిమధ్యలో రెండు చేతులతో పట్టుకుని, నిలువుగా నిలబెట్టి ఉండాలి. మీరు బొటనవేలు పైకెత్తాకే వదలాలి. వదలడమే, విసరకూడదు. కైట్‌కు గాలివాలు వైపు నిలబడకూడదు. అన్నిటికంటే ముఖ్యం: కైట్ ఎగురుతున్నప్పుడు లైను పట్టుకోకూడదు. మీరు పడిపోగానే సాయం చేయాలని పరుగున వచ్చి లైను పట్టుకోబోతారు. అది గాలిపటం మాంజా కోసినట్టు వేళ్లను కోస్తుంది, ఇంకాస్త లోతుగా.

లేపే ముందు మీరు చేసే తనిఖీ: లైన్లను ఒక చివర నుంచి వేళ్ల మధ్య దూర్చుకుంటూ నడిచి విడదీయాలి. ముందు లైన్లు కైట్ ముందు అంచు నుంచి వచ్చే తాళ్లకు, వెనక లైన్లు రెక్కల కొసలకు. ఒక్కటి తారుమారైనా కైట్ లేస్తూనే గిరగిరా తిరిగి లాగే చోటులోకి దూకుతుంది. ఒడ్డున జరిగే ఘోరాల్లో ఎక్కువ ఇదే. అందుకే మంచి కైట్లలో ఒక జతకు ముడి, ఇంకో జతకు ఉచ్చు ఉంటాయి, తప్పుగా తగిలించడం కుదరదు. ఎర్ర రంగు ఎడమచేతి వైపు ఉండాలి. అంచులో 6 నుంచి 8 పీఎస్ఐ గాలి. కైట్ సముద్రం వైపు, మీరు ఇసుక వైపు ఉండేలా నిలబడి లేపండి. మీకు గాలివాలుకు 50 మీటర్లలోపు ఎవరూ ఉండకూడదు, పిల్లలు గుమిగూడితే వాళ్లు పోయేదాకా ఆగండి. లేవగానే ఒడ్డున నిలబడి ఫొటోలు దిగవద్దు, కైట్‌ను నీటి వైపు తక్కువ ఎత్తులో ఉంచి నేరుగా నీళ్లలోకి నడవండి.

సెల్ఫ్ రెస్క్యూ రామేశ్వరంలోనే లోతు నీళ్లలో రెండుసార్లయినా చేసి చూపించమని అడగండి, చాలాచోట్ల ఒడ్డునే మమ అనిపిస్తారు. క్విక్ రిలీజ్ నెట్టాక, సేఫ్టీ లైను వెంట చేయి మార్చి చేయి వేస్తూ బారు దగ్గరికి పోవాలి. ముందు ఆ ఒక్క లైనునే నాలుగైదు మీటర్లు బారుకు చుట్టి ముడి బిగించాలి. మిగతా లైన్లు ముందుగా బిగిస్తే కైట్ మళ్లీ లేస్తుంది. తర్వాత అన్నీ కలిపి చుట్టుకుంటూ కైట్‌ను చేరి, దాన్ని వెల్లకిలా తిప్పి, రెండు రెక్కల కొసలూ పట్టుకుంటే అదే తెరచాప అవుతుంది. చేతికి మాత్రం ఎక్కడా లైను చుట్టుకోవద్దు.

ఇక ఒక పక్కమాట. తోడు మనిషి దొరకని రోజులే మీకు ఎక్కువగా ఉండేట్టయితే, వింగ్ ఫాయిలింగ్ గురించి కూడా ఆలోచించండి. చేతిలో పట్టుకునే గాలి నింపిన రెక్క, బోర్డు కింద నీటిలో ఫాయిల్ అనే ఇంకో రెక్క, లైన్లు లేవు, లేపడానికి మనిషి అక్కర్లేదు, వదిలేస్తే నీళ్లలో పడుతుంది. విండ్‌సర్ఫర్‌కు స్వభావరీత్యా అదే దగ్గర. నడుము లోతు దాటిన నీళ్లు, ఫాయిల్ మీద తూకం కుదిరేదాకా ఓపిక కావాలి, అంతే.

సామాను జాగ్రత్త: గాలి నింపిన కైట్‌ను మే నెల ఎండలో ఇసుక మీద వదిలితే లోపలి గాలి వ్యాకోచించి, వాల్వుల జిగురు కరిగి ఊడిపోతుంది. ఆగినప్పుడల్లా గాలి కాస్త తీసి నీడలో పెట్టండి. పల్లేరుకాయలు, రావణాసురుడి మీసాలు ఉన్న దిబ్బల మీద కైట్ పరచవద్దు. ఇంటికి రాగానే క్విక్ రిలీజ్‌ను మంచినీళ్లలో ముంచి, తెరిచి మూసి, తెరిచి మూసి కడగండి. ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా నెట్టినప్పుడు కదలదు. దిగే ప్రతిసారీ ఒడ్డున ఒకరికి తిరిగి వచ్చే వేళ చెప్పి, వాళ్ల ఫోన్‌లో కోస్ట్ గార్డు నంబరు 1554, పోలీసు నంబరు 112 ఉన్నాయో లేదో చూసి దిగండి.